పడకమీద పిల్లవాడు: తొడ ఎముక కట్ల కథ

సుశ్రుత సంహితలో విరిగిన ఎముకల చికిత్స చెప్పే అధ్యాయంలో ఒక లెక్క ఉంది. చిన్నతనంలో విరిగిన ఎముక నెల రోజుల్లో గట్టిపడుతుందట. నడివయసులో దానికి రెట్టింపు కాలం, ముసలితనంలో మూడింతలు. అంకెలతో పొట్టపోసుకునేవాణ్ణి కావడం వల్ల వైద్యగ్రంథం పట్టుకున్నా నా కన్ను ముందు లెక్క మీదే పడుతుంది. నేటి డాక్టర్లు చెప్పే లెక్కతో దీన్ని సరిచూశాను. పుట్టిన బిడ్డకు తొడ ఎముక విరిగితే రెండు మూడు వారాల్లో అతుక్కుంటుంది. ఐదేళ్ల లోపు పిల్లలకు నాలుగు నుంచి ఆరు వారాలు, పదేళ్ల లోపు వాళ్లకు ఆరు నుంచి ఎనిమిది, మీసాలొచ్చే వయసుకు పది, పన్నెండు వారాలు. రెండువేల ఏళ్ల కిందటి లెక్కకూ దీనికీ ఉన్న తేడా, మా ఆడిట్ వాళ్లయితే చూసీచూడనట్టు వదిలేసేంత.

అంటే ఎముక అతుక్కునే వేగం మారలేదు. ఎక్స్‌రే వచ్చినా, మత్తుమందు వచ్చినా, టైటానియం కడ్డీలు వచ్చినా పిల్లవాడి ఎముక తన పద్ధతిలో తాను, తన కాలంలో తాను అతుక్కుంటుంది. మరి ఇన్ని శతాబ్దాల వైద్యం చేసిందేమిటి? ఆ నెలన్నర పిల్లవాణ్ణి ఎక్కడ పడుకోబెట్టాలి, ఎలా పడుకోబెట్టాలి, పక్కన ఎవరుండాలి, అతను లేచేసరికి కాలు వంకర కాకుండా ఎలా చూడాలి - ఈ నాలుగు ప్రశ్నలతోనే కుస్తీ పట్టింది. నా దృష్టిలో తొడ ఎముక వైద్య చరిత్ర అంటే పడక చరిత్రే.

చెయ్యి విరిగితే మెడకు వేలాడదీసుకుని బడికి పోవచ్చు. తొడ విరిగితే అది కుదరదు. ఒంట్లో అన్నిటికంటే పొడవైన ఎముక, దాని చుట్టూ అన్నిటికంటే బలమైన కండలు. ఎముక రెండు ముక్కలు కాగానే ఆ కండలు బిగుసుకుని కింది ముక్కను పైకి గుంజుతాయి. ముక్కలు ఒకదాని పక్కన ఒకటి ఎక్కి కూర్చుంటాయి, కాలు పొట్టిదవుతుంది, పాదం బయటికి తిరిగిపోతుంది. లోపల రక్తం కారుతుంది కానీ పైకి కనబడదు. ఎముకను సరిచేయడం ఒక పూట పని. సరిచేసినదాన్ని ఆ కండలు మళ్లీ లాగేయకుండా వారాల తరబడి కాపలా కాయడమే అసలు పని.

ఈజిప్టులో నాగ-ఎద్-డేర్ అనే చోట తవ్విన సమాధుల్లో సుమారు 14 ఏళ్ల ఆడపిల్ల దేహం దొరికింది. నాలుగున్నర వేల ఏళ్ల నాటిది. తొడ ఎముక మధ్యలో విరిగింది. నారబట్ట చుట్టిన నాలుగు కర్రబద్దలు కాలి చుట్టూ పెట్టి శ్రద్ధగా కట్టారు. ఇంగ్లీషు వైద్యపత్రికలో 1908లో ఎలియట్ స్మిత్ దీన్ని వర్ణిస్తూ ఎముక అతుక్కోవడం మొదలైన గుర్తే లేదని రాశాడు. అంటే కట్టు కట్టిన కొద్ది రోజులకే ఆ పిల్ల పోయింది. కట్టిన చేతులు ఎవరివో, పక్కన కూర్చున్నవాళ్లు ఎవరో మనకు తెలిసే దారి లేదు. ముడులు మాత్రం విడిపోకుండా మిగిలాయి.

మన సుశ్రుతుడు బద్దల విషయంలో చాలా వివరంగా చెబుతాడు. ఇప్ప, మేడి, రావి, మోదుగ, మద్ది, మర్రి చెట్ల బెరడులూ, వెదురూ ఇందుకు పనికొస్తాయి. కట్టు వదులైతే ఎముక నిలకడగా ఉండదు, బిగువైతే చర్మం వాచి, నొప్పిపెట్టి, పుండు పడుతుంది. చలికాలంలో ఏడు రోజులకు, సమశీతోష్ణంలో ఐదు రోజులకు, ఎండాకాలంలో మూడు రోజులకు కట్టు విప్పి మళ్లీ కట్టమంటాడు. తొడ, పిక్క ఎముకలు విరిగితే మాత్రం బద్దలు చాలవని ఆయనకు తెలుసు. అందుకు 'కపాటశయనం' చెప్పాడు. కపాటం అంటే తలుపు. రోగిని తలుపుచెక్కలాంటి పలక మీద పడుకోబెట్టి, కదలకుండా ఐదుచోట్ల మేకులు దిగ్గొట్టి కట్టాలి.

ఈ తలుపు మరొకచోట కూడా ఎదురై నన్ను ఆశ్చర్యపరిచింది. 1756లో లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ గుర్రం మీద పోతూ కింద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎవరినీ తనను ఎత్తనివ్వలేదట. నడివీధిలో పడుకునే మనిషిని పంపి ఒక తలుపు కొనిపించి, దానికి పల్లకీ కర్రలు బిగించి, దాని మీదే ఇంటికి మోయించుకున్నాడు. ఎముక విరిగిన మనిషిని కదిలించే పద్ధతిలోనే సగం వైద్యం ఉందని ఆయనకు తన కాలి మీదనే అర్థమైంది. ఆ తరువాత రాసిన పుస్తకంలో, కాలు నిటారుగా చాపి బంధించే పాత పద్ధతి తప్పనీ, మోకాలు మడిచి పడుకోబెడితే కండలు సడలుతాయనీ వాదించాడు. సుశ్రుతుడి సంగతి ఆయన ఎరగడు. అవసరం ఒకటైనప్పుడు పరికరం కూడా ఒకటే అవుతుంది.

పలక మీద కట్టి పడేస్తే మనిషి కదలడు గానీ కండల గుంజుడు ఆగదు. దానికి ఎదురు గుంజాలి. పద్నాలుగో శతాబ్దపు ఫ్రెంచి సర్జన్ గీ ద షోలియాక్ తొడ విరిగినవాడి పాదానికి తాడు కట్టి, ఆ తాడును గిలక మీదుగా తీసి, చివర సీసపు గుండు వేలాడదీశాడు. మన బావి గిలకే. బరువు రాత్రీ పగలూ అలసిపోకుండా లాగుతుంది. కాసేపటికి కండే అలసిపోయి లొంగుతుంది. ఈ ఉపాయం తరువాతి వాళ్ల చేతుల్లో పడుతూ లేస్తూ వచ్చింది. న్యూయార్క్‌లో గర్డన్ బక్ 1861లో దీన్ని అంటుపట్టీలతో సులువు చేశాడు. పట్టీలు కాలికి రెండు వైపులా అతికించి, వాటికి తాడు కట్టి, గిలక మీదుగా బరువు వేయడం. వెంటనే వచ్చిన అమెరికా అంతర్యుద్ధంలో ఆ పద్ధతి వేల కాళ్ల మీద పరీక్షకు నిలిచింది. నూరేళ్లు పైబడి ప్రపంచంలోని ప్రతి పెద్దాసుపత్రి వార్డులోనూ ఆ గిలక కిర్రుమంటూనే ఉంది.

నేనూ దాన్ని చూశాను. మాది తిరుత్తణి. 1960 ఏప్రిల్ 1న మా తాలూకా మద్రాసు రాష్ట్రంలో కలిసింది గానీ మా వీధిలో మాట మాత్రం ఏ సర్వే వాళ్లూ కొలవలేని తెలుగు. 1979లో, ఏడేళ్ల మా తమ్ముడు చింతచెట్టు మీద నుంచి పడి తొడ విరగ్గొట్టుకున్నాడు. మా అవ్వ పుత్తూరు తీసుకుపోదామంది. రైలెక్కితే నగరి దాటగానే పుత్తూరు. మా ఊళ్లో బెణుకులకూ విరుపులకూ కట్టు కట్టే పెద్దాయన ఒకరుండేవారు. ఆయన వచ్చి కాలు తాకి చూసి, "అవ్వా, ఇది తొడ. చెయ్యయితే నేనే కడుదును. దీన్ని పట్నానికి తీసకపోండి" అన్నారు. రెండు బద్దలు పెట్టి, కాలికి కాలు కలిపి కట్టి పంపారు. ఆ మాట ఎంత విలువైనదో నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

పట్నంలో పెద్దాసుపత్రి. వాడి కాలు ఒక ఇనుప చట్రంలో ఉంది. మంచం కాళ్లవైపు ఇటుకల మీద ఎత్తి పెట్టారు, తలవైపు పల్లంగా. గిలక మీదుగా వచ్చిన తాడుకు గుడ్డసంచిలో బరువు. మంచం ఎందుకలా ఏటవాలుగా ఉందని ఆయాను అడిగితే, "లేకుంటే బరువు వాణ్ణి కిందికి ఈడ్చేస్తుంది" అంది. ఆవిడ చెప్పినదాంట్లో భౌతికశాస్త్రమంతా ఉంది: పిల్లవాడి ఒంటి బరువే తాడుకు ఎదురు బరువు. అలా 42 రోజులు. పగలు అమ్మ మంచం పక్కన, రాత్రి మంచం కింద చాప మీద. మాది మగ్గం ఇల్లు. కండెలు చుట్టే మనిషి లేక, నాయన కూడా వారానికి మూడు రోజులు పట్నంలో ఉండి, మగ్గం ఆరు వారాలు మూలపడింది. అమ్మ గాజులు కుదువకు పోయాయి. అవి తిరిగి చేతికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. వడ్డీ ఎంత కట్టామో నాయన చిట్టాపుస్తకంలో ఇప్పటికీ ఉంది. ఆసుపత్రి వైద్యానికి కట్టిన సొమ్ము కంటే అది ఎక్కువ. వైద్యం ఉచితమే గానీ పడక ఉచితం కాదు.

ఇంకా చిన్నపిల్లలకు మరో పద్ధతి ఉండేది. లండన్‌లో గైస్ ఆసుపత్రి సర్జన్ థామస్ బ్రయంట్ 1870ల్లో ప్రచారంలోకి తెచ్చాడు. రెండేళ్ల లోపు బిడ్డ కాళ్లు రెండూ - బాగున్న కాలు కూడా - నిలువుగా పైకి కట్టి, పిరుదులు పరుపుకు ఒక చెయ్యి దూరేంత ఎత్తులో ఉండేలా వేలాడదీయడం. చూడటానికి ఘోరంగా ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు దానికి ఉరికొయ్య పేరే పెట్టారు. కానీ కారణం ఎంత ఇంటిదో చూడండి: పసిబిడ్డ కట్టు తడుపుకుంటుంది. కాళ్లు పైకి ఉంటే కట్టు తడవదు, గుడ్డ మార్చడం తేలిక. మామూలుగా పిల్లలు ఒకటి రెండు రోజుల్లో అలవాటుపడి ఆడుకునేవారు కూడా. అయితే 1950ల నాటికి దీని చీకటి కోణం బయటపడింది. పెద్దపిల్లలకూ, బరువైన పిల్లలకూ ఇలా వేలాడదీస్తే పాదాలకు రక్తం చాలక, కొందరికి బాగున్న కాలు సైతం చచ్చుబడింది. అప్పటినుంచి వయసుకూ బరువుకూ హద్దులు పెట్టారు.

మా తమ్ముడి కాలు పట్టుకున్న ఆ ఇనుప చట్రం పేరు థామస్ స్ప్లింట్. దాని వెనక ఒక వంశం కథ ఉంది. కట్టువైద్యం అంటే చులకనగా చూసే చదువుకున్నవాళ్లూ, ఆసుపత్రి అంటే అనుమానపడే ఊరివాళ్లూ ఇద్దరూ వినదగ్గ కథ. 1740ల్లో వేల్స్ దేశపు ఆంగ్లసీ దీవి తీరాన ఓడ బద్దలై ఒక కుర్రవాడు ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. భాష తెలియదు, పేరు తెలియదు. ఆదరించినవాళ్లు ఇవాన్ థామస్ అని పేరు పెట్టారు. ఆ కుర్రవాడికి విరిగిన ఎముకలు సరిచేసే నేర్పు ఉండేదట. ముందు జంతువులకు, తరువాత మనుషులకు. ఆ విద్య కొడుకులకు, మనవలకు దిగింది. ఆ వంశంలో మరో ఇవాన్ థామస్ లివర్‌పూల్‌లో కట్టుశాల పెట్టాడు. రేవు కూలీలు బారులు తీరేవారు. డాక్టర్లు ఓర్వలేక ఆయనను పదే పదే కోర్టుకీడ్చారు. విసిగి ఆయన ఏం చేశాడంటే, ఐదుగురు కొడుకులనూ డాక్టరు చదువులకు పంపాడు. వాళ్లలో పెద్దవాడు హ్యూ ఓవెన్ థామస్ (1834-1891).

హ్యూకు తండ్రితో ఎక్కువకాలం పొసగలేదు. చదువుకున్న డాక్టర్లతో అసలే పొసగలేదు. నెల్సన్ వీధిలో తన ఇంట్లోనే వైద్యం చేశాడు. ఆదివారాలు పేదలకు ఉచితం. పరికరాలు ఇంట్లోనే తయారుచేయించేవాడు. ఆయన చట్రం అసలు విరిగిన తొడకోసం పుట్టింది కూడా కాదు. క్షయ పట్టిన మోకాలికి విశ్రాంతి ఇవ్వడానికి చేసినది, 1875లో తన పుస్తకంలో వివరించాడు. తొడ మొదట్లో తోలు చుట్టిన ఒక వలయం, దానినుంచి పాదం దాటి దిగే రెండు ఇనుప కడ్డీలు, అంతే. వలయం నడుము ఎముకను ఆనుకుంటుంది, పాదానికి కట్టిన తాడు చివరి కడ్డీకి బిగుస్తుంది. లాగే శక్తీ నిలిపే శక్తీ రెండూ ఒకే చట్రంలో ఇమిడిపోయాయి. గిలకా మంచమూ లేకుండానే కాలు సాగి ఉంటుంది. దీన్ని బతికుండగా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకునేలా చేసింది ఆయన భార్య తరఫు మేనల్లుడు, శిష్యుడు రాబర్ట్ జోన్స్. మొదటి ప్రపంచయుద్ధంలో తొడకు గుండు తగిలిన సైనికుడు బండి కుదుపులకే సగం చచ్చేవాడు. జోన్స్ పట్టుబట్టి థామస్ చట్రాన్ని ముందువరస దాకా పంపించాడు. మోతగాళ్లు చీకట్లో కూడా కట్టగలగాలని కళ్లకు గంతలు కట్టి సాధన చేయించారు. యుద్ధం మొదట్లో ఈ గాయంతో 80 శాతం దాకా చనిపోయేవారనీ, 1917 నాటికి అది 16 శాతం దరిదాపులకు దిగిందనీ పుస్తకాల్లో ఉంటుంది. ఇంత ఘనమైన అంకెను చూస్తే నేను రెండుసార్లు తిరగేస్తాను. ఆ తగ్గుదలలో గాయాన్ని త్వరగా కోసి శుభ్రం చేయడానికీ, ముందువరసకు దగ్గర్లోనే ఆపరేషన్లు చేయడానికీ కూడా వాటా ఉంది. అయినా ఆ చట్రం పద్దు చిన్నదేమీ కాదు. పేరు తెలియని ఓడకుర్రవాడి విద్య నూటయాభై ఏళ్లు దాటాక సైన్యపు ఆజ్ఞాపత్రంలోకి ఎక్కింది.

ఇప్పుడు పుత్తూరు దగ్గరికి వస్తాను. అప్పట్లో ఉత్తర ఆర్కాటు, 1911 నుంచి చిత్తూరు, 2022 నుంచి తిరుపతి జిల్లా. జిల్లాలు మారినా పుత్తూరు కట్టు పేరు మారలేదు. చెన్నైలోనూ బెంగుళూరులోనూ ఏ వీధి మలుపులో చూసినా ఆ పేరుతో ఒక బోర్డు కనిపిస్తుంది. పుత్తూరు దగ్గరి పల్లెలో రాజుల కుటుంబంవారు చెప్పుకునే కథ ప్రకారం, 1881 ప్రాంతంలో కేశవరాజు అనే పెద్ద వేటకు వెళ్లినప్పుడు కాలు విరిగిన కుందేలుకు ఆకులు చుట్టగా అది తిరిగి పరుగెత్తిందట. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ - ఇదీ కట్టు. తెల్లసొన ఎండితే గట్టిపడుతుంది. ఐరోపా సర్జన్లు కూడా శతాబ్దాల పాటు గుడ్డుసొనతోనూ పిండిగంజితోనూ కట్లు గట్టిపరిచేవారు. 1851లో డచ్చి సైనిక వైద్యుడు మాతైసెన్ గుడ్డలో జిప్సం పొడి రుద్ది, తడిపి చుట్టే పద్ధతి కనిపెట్టేదాకా వాళ్ల దగ్గరున్నదీ అదే. ఆ పొడికట్టునే మనం పిండికట్టు అంటున్నాం, తమిళులు మావుకట్టు అంటున్నారు. అసలు పిండి లేకపోయినా పాత గంజికట్టు జ్ఞాపకం మాటలో మిగిలిందేమోనని నాకొక ఊహ. భాషాశాస్త్రజ్ఞులు కాదంటే వదులుకుంటాను.

సరిగ్గా ఆ 1881లోనే జర్మనీలో రిషర్డ్ ఫాన్ ఫోల్క్‌మాన్ ఒక వ్యాసం ప్రకటించాడు. కట్టు బిగువైతే రక్తం ఆడక కండ చచ్చిపోయి, వేళ్లు కొక్కెంలా ముడుచుకుపోతాయని అందులో హెచ్చరించాడు. ఇది కట్టువైద్యుల మీద రాసినది కాదు, చదువుకున్న డాక్టర్లు కట్టిన కట్ల మీద రాసినది. మన పత్రిక పాఠకులకు ఒక ముచ్చట: ఈ ఫోల్క్‌మాన్ సర్జనే కాక కథకుడు కూడా. రిషర్డ్ లేయాండర్ అనే మారుపేరుతో, ఫ్రాన్స్‌తో యుద్ధంలో ఉండగా ఇంటికి రాసి పంపిన పిల్లల కథలు 1871లో పుస్తకంగా వచ్చి జర్మన్ ఇళ్లలో తరాల పాటు చదివారు.

సుశ్రుతుడు చెప్పిన బిగువు కట్టు హెచ్చరిక, ఫోల్క్‌మాన్ హెచ్చరిక ఒక్కటే. కాబట్టి కట్టు ఎవరు కట్టారన్నది రెండో ప్రశ్న. కట్టిన తరువాత వేళ్లు చల్లబడ్డాయా, నీలంగా తిరిగాయా, వేలు కదిపితే బిడ్డ భరించలేనట్టు ఏడుస్తోందా అన్నది మొదటి ప్రశ్న. వీటిలో ఏదున్నా ఆ క్షణమే కట్టు విప్పించాలి, తెల్లవారేదాకా ఆగకూడదు. ఇక తొడ సంగతి వేరు. పైనుంచి ఎంత చక్కగా వెదురు కట్టినా తొడ కండల గుంజుడును బద్దలు ఆపలేవు. లోపల రక్తం ఎంత పోయిందో ఆకు చెప్పలేదు. మా ఊరి పెద్దాయనకు ఈ హద్దు తెలుసు. హద్దు తెలియని చోట్ల కట్టిన తొడలు వంకరగా అతుక్కున్న పిల్లలను మనందరం చూశాం. ముంజేతి బెణుకుకు పుత్తూరు పోయేవారితో నాకు పేచీ లేదు. పిల్లల తొడ విరిగితే ముందు ఎక్స్‌రే, ఆసుపత్రి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

మళ్లీ పడక దగ్గరికి. ఇంగ్లండులో ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా పిల్లల వార్డులోకి తల్లిదండ్రులను రానిచ్చేవారు కాదు. వారానికొక గంటో రెండు గంటలో, కొన్నిచోట్ల అదీ లేదు. తల్లి వచ్చి పోతే బిడ్డ ఏడుస్తుంది, వార్డు క్రమశిక్షణ చెడుతుంది అన్నది నర్సుల వాదం. గిలకకు కట్టిన నాలుగేళ్ల బిడ్డ ఆరు వారాలు అమ్మ ముఖం చూడకుండా పడుకోవాలి. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రిలో చేర్చిన రెండేళ్ల పాప ఎనిమిది రోజుల పాటు ఎలా ముడుచుకుపోయిందో సినిమా తీసి చూపించాడు. వైద్యులు చాలామంది కోప్పడ్డారు. చివరికి ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. 1959లో వచ్చిన ఆ నివేదిక, తల్లిదండ్రులు ఎప్పుడైనా రావచ్చుననీ, చిన్నబిడ్డల తల్లులు అక్కడే ఉండే వీలు కల్పించాలనీ చెప్పింది. కమిటీ అధ్యక్షుడు సర్ హ్యారీ ప్లాట్ ఎముకల సర్జను. ఐదేళ్ల వయసులో మోకాలికి క్షయ సోకి తానే పడకపట్టిన పిల్లవాడు. అతనికి అప్పుడు వైద్యం చేసినవాడు, మన హ్యూ థామస్ శిష్యుడు రాబర్ట్ జోన్స్!

వాళ్లకు కమిటీ వేసి సాధించుకోవలసి వచ్చినది మన పెద్దాసుపత్రుల్లో మంచాల కింద చాపలు పరుచుకుని ఎప్పటినుంచో ఉంది. వార్డు బాయి కసురుకునేవాడు, డాక్టరు రౌండుకు వచ్చినప్పుడు చాపలు చుట్టేసేవారు, మళ్లీ పరిచేవారు. మన ఆసుపత్రుల మీద ఎన్ని ఫిర్యాదులున్నా, ఈ ఒక్క పద్దులో మనం జమవైపు ఉన్నాం. అయితే ఆ జమ వెనక అమ్మ పోగొట్టుకున్న కూలి ఏ లెక్కలోనూ ఎక్కలేదు.

ఇక ఎముక చేసే ఒక వింత చెప్పాలి. పిల్లల ఎముక అతుక్కోవడంతో ఊరుకోదు. విరిగినచోటికి రక్తం ఎక్కువగా వచ్చి చేరడం వల్ల, ఆ కాలు తరువాతి ఏడాది రెండేళ్లలో మిగతా కాలి కంటే ఎక్కువ పెరుగుతుంది, సుమారు ఒక సెంటీమీటరు. రెండేళ్ల నుంచి పదేళ్ల మధ్య పిల్లల్లో ఇది మామూలు. న్యూయార్క్‌లో ట్రూస్‌డెల్ అనే సర్జను 1921లోనే పిల్లల కాళ్లు కొలిచి దీన్ని రాశాడు. అందువల్ల ముక్కలను తలకు తల ఆనించి అతికిస్తే చివరికి కాలు పొడవవుతుంది. కాస్త పక్కపక్కగా, ఒక సెంటీమీటరు కురచగా ఉంచి అతికిస్తే రెండేళ్లకు సమమవుతుంది. ఎక్స్‌రేలో ముక్కలు పక్కపక్కన కనబడితే తల్లిదండ్రులు గుండెలు బాదుకుంటారు, కాలు కురచగా పెట్టేశారని డాక్టరుతో తగాదా పడతారు. అది చాలాసార్లు తెలిసి ఉంచిన కురచదనం. కొద్దిపాటి వంపును కూడా పెరిగే ఎముక తానే దిద్దుకుంటుంది. మెలి తిరిగి అతుక్కుంటే మాత్రం దిద్దుకోవడం కష్టం, అందుకే పాదం ఏ వైపు చూస్తోందో జాగ్రత్తగా చూస్తారు. మా తమ్ముడికి పదో తరగతిలో మొదటిసారి ప్యాంటు కుట్టించినప్పుడు టైలరు టేపు రెండుసార్లు పెట్టి కొలిచాడు. అర అంగుళం తేడా వచ్చింది. విరిగిన కాలే పొడవు. ఆ మాట వినేదాకా వాడికే తెలియదు.

పిల్లల ఎముకలకు కోత పెట్టవద్దని అమెరికాలో వాల్టర్ బ్లౌంట్ 1955లో వెలువరించిన పుస్తకంలో గట్టిగా వాదించాడు, ఒక తరం డాక్టర్లు ఆయన మాట మీద నిలిచారు. జర్మన్ సర్జను క్యూంచర్ 1940 ప్రాంతంలో పెద్దవాళ్ల తొడ ఎముక గొట్టంలోకి బిరుసైన ఉక్కుమేకు దిగ్గొట్టే పద్ధతి తెచ్చినా, అది పిల్లలకు సరిపడలేదు. పైనుంచి దింపే దారిలో తుంటిగుండుకు రక్తం మోసే నరాలు దెబ్బతినే ప్రమాదం, ఎదిగే పొర చెడే ప్రమాదం. కాబట్టి గిలక రాజ్యమే సాగింది. 1970లు దాటేసరికి చిన్నపిల్లలకు వారాల గిలక మానేసి, మొదటి రోజుల్లోనే నడుము నుంచి పాదం దాకా పిండికట్టు వేసి ఇంటికి పంపడం పెరిగింది. దాన్ని స్పైకా అంటారు. లాటిన్‌లో కంకి అని అర్థం, గుడ్డ మడతలు ఒకదాని మీద ఒకటి గోధుమ కంకిలా పడతాయని.

ఆరేడేళ్లు దాటిన పిల్లలకు దారి చూపింది తూర్పు ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరం. అక్కడి పిల్లల సర్జన్లు మెతాజో, లిజియే, ప్రెవో, లాస్కోంబ్ - బిరుసు మేకు బదులు వంగే సన్నటి కడ్డీలు రెండు తీసుకున్నారు. మోకాలికి కాస్త పైన, ఎదిగే పొరను తాకకుండా, అటూ ఇటూ చిన్న రంధ్రాలు చేసి, విల్లులా వంచిన కడ్డీలను గొట్టంలోకి పంపారు. రెండూ ఎదురెదురుగా వంగి లోపలినుంచి ఎముక గోడలను నొక్కిపడతాయి. 1988లో 123 విరుపుల ఫలితాలను ఇంగ్లీషు పత్రికలో ప్రకటించారు. వంగినా విరగని గుణాన్నే ఆధారం చేసుకున్న ఈ ఉపాయం చూస్తే నాకు వెదురు బద్దే గుర్తొస్తుంది. బద్ద బయటినుంచి లోపలికి మారింది. ఎముక కొద్దిగా కదలడం వల్ల అతుకు ఇంకా చురుగ్గా పుడుతుంది. పిల్లవాడు కొద్ది రోజుల్లో ఇంటికి, కర్రల సాయంతో బడికి. ఆరు నెలలకో ఏడాదికో కడ్డీలు తీసేస్తారు. పదకొండేళ్లు దాటిన, 50 కిలోలకు చేరిన పిల్లలకు ఈ కడ్డీలు అంత బాగా ఆగవు, వాళ్లకు వేరే మేకులూ పలకలూ ఉన్నాయి.

అమెరికా ఎముకల వైద్యుల సంఘం 2009లో ప్రకటించిన మార్గదర్శకాలు ఈ చరిత్రనంతా వయసుల వారీగా పంచిపెట్టాయి: ఆరునెలల లోపు బిడ్డకు గుడ్డపట్టీల జీనో స్పైకాయో, ఐదేళ్ల దాకా స్పైకా, ఐదు నుంచి పదకొండు దాకా వంగే కడ్డీలు. మరొకటీ చెప్పాయి. మూడేళ్ల లోపు బిడ్డకు తొడ విరిగితే, ఎవరైనా కొట్టారేమో కూడా విచారించాలట. నడకరాని బిడ్డ తొడ ఊరికే విరగదు. మన ఇళ్లలో ఈ ప్రశ్న అడిగితే పెద్దవాళ్లకు కోపం వస్తుంది. అడగవలసిన ప్రశ్నే.

స్పైకాతో ఇంటికి వచ్చిన బిడ్డను చూసుకోవడం నేర్పేవాళ్లు తక్కువ. కాళ్లు ఎడంగా బిగిసి ఉంటాయి కాబట్టి చీర ఉయ్యాల కుదరదు, ఆటోలో అడ్డంగా ఎక్కించాలి. కట్టు తడవకుండా లోపలివైపు చిన్న గుడ్డ దోపి, పైన పెద్దది కట్టి, రెండు గంటలకొకసారి చూడాలి. బిడ్డను గంటకోసారి పక్క మార్చాలి. దురద పుడుతోందని కట్టులోకి పుల్ల దూర్చకూడదు. లోపలినుంచి వాసన వచ్చినా, జ్వరం వచ్చినా ఆసుపత్రికి పోవాలి. కట్టు తీశాక బిడ్డ కొన్నాళ్లు కుంటుతుంది, దానికి పరుగులు పెట్టించి సాధన చేయించనక్కరలేదు, ఆడుకుంటూ తనంతట తానే నడుస్తుంది.

కట్టు తీసే రోజు మాత్రం పిల్లలు వార్డు అదిరేలా ఏడుస్తారు. గిర్రుమనే రంపాన్ని చూసి కాలు కోసేస్తారనుకుంటారు. అమెరికాలో హోమర్ స్ట్రైకర్ అనే ఎముకల డాక్టరు 1940ల్లో చేసిన రంపం అది. దాని పళ్లచక్రం గుండ్రంగా తిరగదు, అటూ ఇటూ అదురుతుంది. గట్టి పిండిని కోస్తుంది, మెత్తటి చర్మం దానితోపాటు అదురుతుందే తప్ప ఊరికే తెగదు. అనుభవమున్న డాక్టర్లు ముందు దాన్ని తమ అరచేతికి ఆనించుకుని చూపిస్తారు. బిడ్డ నోరు తెరుచుకుని అరచెయ్యి వంకే చూస్తుండగా కట్టు మీద మొదటి గీత పడిపోతుంది.